వెనుక లైటుకు ఎర్ర దారం

చీకటి తప్ప ఏమీ లేని చోట మొట్టమొదట వెలుగును పలికిన దేవునికి స్తోత్రం. ఆ వెలుగులో రంగులు దాచిపెట్టి, పసుపు కొమ్ముకు ఒకటి, మక్క కంకికి ఒకటి, మా సంఘంలోని అమ్మల చీరలకు లెక్కలేనన్ని పంచిన ఆయన నామానికి మహిమ. కొందరి కళ్లకు మాత్రం ఆ రంగుల్లో రెండింటిని ఇవ్వకుండా, ఆ లోటుకు బదులుగా వాళ్ల వేలి కొసల్లో ఒక చూపు పెట్టి పంపిన ఆయన జ్ఞానానికి ఇంకా మహిమ. అలాంటి ఒక మనిషిని కోరుట్లలో మాకు ఇరుగుపొరుగుగా ఇచ్చినందుకు ఆయనకు వందనాలు చెప్పి మొదలుపెడుతున్నాను.

మొన్న జగిత్యాల ఆస్పత్రిలో ఒక సహోదరిని చూసి తిరిగి వస్తున్నాం. బండి నేనే నడుపుతున్నాను. మా ఆయన పాస్టరు. ఆయనకు కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి స్టీరింగు నా చేతికి వచ్చింది. నా పక్కన మరియమ్మత్త కూర్చుంది. బీడీలు చేసి చేసి వేళ్లు వంకరపోయిన మనిషి. మా సంఘంలో ఎవరికీ చుట్టం కాదు, అందరికీ అత్త. ఊరి నడుమ గడియారం టవర్ దగ్గర బండ్లు ఆగాయి. మా ముందు ఒక తెల్ల కారు. వెనుక కొత్తగా వేయించిన ఎల్‌ఈడీ లైట్లు, పెండ్లి పందిరిలా మెరుస్తున్నాయి. ఎడమ ఇండికేటర్ మాత్రం నెమ్మదిగా కొట్టుకోవలసింది, రపరప రపరప కొట్టుకుంటోంది.

మరియమ్మత్త దాని దిక్కు చూసి పెదవి విరిచింది.

"గీనికి లోడు పెట్టలే," అంది.

బడి మెట్లు ఎక్కని డెబ్బై ఏండ్ల ముసలమ్మ నోట ఆ మాట విని నాకు నవ్వు వచ్చింది. ఆ మాట మా మిస్త్రిది. ఆయన పోయి ఇంకా ఒక వానాకాలం గడవలేదు.

ఆయన పేరు నేను రాయను. ఆయనే రాసుకోలేదు. మెట్‌పల్లి రోడ్డు మీద ఉన్న ఆయన షాపు బోర్డు మీద "ఆటో ఎలక్ట్రికల్ వర్క్స్" అని ఉండేది, దానికి పైన పేరు కోసం వదిలిన జాగా ఖాళీగా ఉండేది. బోర్డు రాసే పెయింటరు "పేరు ఏ రంగుల రాయాలె" అని అడిగితే "నీ ఇష్టం" అన్నాడట. పెయింటరుకు అంత స్వేచ్ఛ ఎవరూ ఇచ్చి ఉండరు. ఆలోచించుకుని వస్తానని పోయి మళ్లీ రాలేదు. షాపు ఉన్నన్ని రోజులూ ఆ జాగా ఖాళీగానే ఉంది. ఊరందరికీ ఆయన మిస్త్రి. నాకు అన్న.

సన్నగా, పొడుగ్గా, తడి బట్టలు ఆరేసే కట్టెలాగా ఉండేవాడు. చొక్కా జేబులో టెస్టరుతో పాటు ఎప్పుడూ ఒక పాత కండె ఉండేది, దారం చుట్టినది. పుట్టింది సిరిసిల్లలో, సాంచెల ఇంట్లో. చిన్నప్పటి నుంచి మర మగ్గాల చప్పుడులో పెరిగినందువల్ల ఆయనకు మెల్లగా మాట్లాడడం రాదు. రహస్యం చెప్పినా రోడ్డు అవతలి చాయ్ హోటల్ దాకా వినపడేది. వైరును వైరు అనేవాడు కాదు, పోగు అనేవాడు. ఫ్యూజు పోతే "పోగు తెగింది" అనేవాడు. పెద్ద కారు తెచ్చుకున్న దుబాయి మనిషి ఎవరైనా "ఏమైంది మిస్త్రీ" అని కంగారుగా అడిగితే, "ఏం గాలే. ఒక్క పోగు తెగింది, అతికిస్త" అని, తెగిన వైరు రెండు కొసలూ పట్టుకుని, చూడకుండానే బొటనవేలు, చూపుడువేలు మధ్య మెలి తిప్పేవాడు. దాని మీద టంకం, దాని మీద గొట్టం తొడుగు. ఇప్పటి పిల్లలు వైరు మీద ప్లాస్టిక్ క్లిప్పు నొక్కి వదిలేస్తారని ఆయనకు చాలా కోపం.

"క్లిప్పు పెట్టినోడు పిల్లను చూడ వచ్చినోని లెక్క. చాయ్ తాగి పోతడు. ముడేసి టంకం పెట్టినోడే మొగడు."

ఆయన మాటలు అన్నీ ఇట్లాగే ఉండేవి. ప్రసంగాల్లో వాడుకుందామని మా ఆయన రెండు మూడు సార్లు ప్రయత్నించి, ఏదీ పూర్తిగా పనికి రాదని వదిలేశాడు.

మా కారు ఆయన దగ్గరికి పోవడానికి కారణం ఒక వడ్ల ట్రాక్టరు. మార్కెట్ యార్డు ముందు వెనక్కి వచ్చి మా ఎడమ వెనుక లైటును పొడిచింది. ఆ సంగతి ఫోన్లో విన్న మస్కట్‌లోని మా తమ్ముడు, "పాతయి ఎందుకక్కా" అని, రెండు పక్కలకూ కలిపి ఎల్‌ఈడీ సెట్టు తెప్పించాడు. డబ్బా పట్టుకుని పోయాను. మిస్త్రి డబ్బా తెరిచి, లైటును చెవి దగ్గర పెట్టి పుచ్చకాయను చూసినట్టు తట్టి చూశాడు.

"బండి ఎవలు నడుపుతరు?"

"నేనే అన్నా."

"మరి అయ్యగారు?"

"పక్కన కూర్చుంటడు."

"దేవుని మీద విశ్వాసమంటే నేను గుళ్లె చూసిన, మసీదుల చూసిన. గింత విశ్వాసం యాడ చూడలే," అని వెనుక డిక్కీ తెరిచాడు.

ఆ రోజు నన్ను పక్కనే నిలబెట్టుకుని ఒక పరీక్ష మొదలుపెట్టాడు. లోపలి అట్ట ఊడదీసి, కారు వైర్లు ఒక్కొక్కటి బయటికి లాగి, "గిదేం రంగు?" అని అడిగేవాడు. "ఆకుపచ్చ." "గిది?" "ఎరుపు." "సక్కగ చూసి చెప్పు." "ఎరుపే అన్నా." "సరే పాస్." నేను సండే స్కూల్లో చాలా కాలంగా పాఠం చెబుతున్నాను. పిల్లలను ఇట్లాగే ప్రశ్నలు అడుగుతాను. ఈయన కస్టమర్లకు శ్రద్ధ నేర్పిస్తున్నాడు కాబోలు అనుకున్నాను. నా కంటే ముందు వచ్చిన వాళ్లను కూడా అట్లాగే అడగడం చూశాను. కోరుట్లలో కారు వైరింగుకు పోవాలంటే ముందు రంగుల పరీక్ష పాస్ కావాలని ఊళ్లో ఒక ముచ్చటే ఉండేది.

కొత్త లైట్లకు వచ్చిన వైర్లకు, మా కారు వైర్లకు రంగులు కలవవు. డబ్బాలోని కాగితం చైనా భాషలో ఉంది. ఆయన దాన్ని మడిచి చెవి వెనుక పెట్టుకున్నాడు. చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ లాంపు తీశాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, "బ్రేకు తొక్కు, ఇడువు, ఇండికేటర్ వెయ్యి, తియ్యి, రివర్సు పెట్టు" అంటూ రోడ్డు అవతలి వాళ్లకు కూడా వినపడేలా ఆజ్ఞలు ఇచ్చాడు. చాయ్ హోటల్ ముందు ఆపిన ఆటోవాడు ఒకడు పాపం తన ఆటోలో రివర్సు పెట్టాడు. నేను తొక్కినప్పుడు ఏ వైరులో కరెంటు వస్తే దానికి ఏదో కడుతున్నాడని అద్దంలో కనపడింది. అడిగితే, "ముడి. పార్కింగుకు ఒకటి, బ్రేకుకు రెండు, ఇండికేటర్‌కు మూడు. ఎర్తుకు ముడి ఎందుకు, భూమి ఎటుపోతది" అన్నాడు.

అన్నీ అతికించాక ఇండికేటర్ వేసి చూస్తే రపరప కొట్టుకుంది. నేను భయపడ్డాను.

"గుండె దడ. గంతే," అన్నాడు. "పాత బల్బు కరెంటు మస్తు తాగుతుండె. గీ లైటు చుక్క తాగుతది. గందుకే కారుకు బల్బు కాలిపోయిందేమో అని పరేషాన్. లోడు పెట్టాలె." ఒక చిన్న రెసిస్టర్ తీసి, వేడెక్కుతుందని ప్లాస్టిక్‌కు దూరంగా, కారు రేకుకు బిగించాడు. ఇండికేటర్ నెమ్మదించింది. "లోడు లేనోడు గట్లనే ఎగురుతడు. మీ అయ్యగారు పెండ్లికి ముందు గట్లనే ఉండెనా?"

"ఇప్పుడు కూడ కొంచెం ఉన్నది," అన్నాను.

చివర ఆయన తాను సీట్లో కూర్చుని, నన్ను కారు వెనక్కి పంపాడు. ఇది ఆయన ఎవరికీ మినహాయించేవాడు కాదు. ఎంత పెద్దమనిషి అయినా సరే, పోయి వెనుక నిలబడాలి.

"నీ బ్రేకు లైటు నీకు ఎన్నడు కనపడది. ఎనుక వచ్చేటోనికే. ఇయ్యాల ఒక్క పారి చూస్కో. వెలిగిందా?"

"వెలిగింది."

"ఏం రంగు?"

"ఎరుపు."

"గట్ల మొత్తం చెప్పాలె."

అంతా అయ్యాక నేను రోడ్డు అవతల మంచినీళ్లు తాగుతుంటే, ఆయన చాయ్ హోటల్ వాడికి కేక వేశాడు: "గా ఎర్ర చీరమ్మను జర పిలువు, తాళం చెవి మరిచిపోయింది."

నేను వెనక్కి తిరిగి చూశాను. అక్కడ ఎర్ర చీర కట్టుకున్న వాళ్లు ఎవరూ లేరు. నా చీర పచ్చది, వరి నారు రంగు. చాయ్ హోటల్ వాడు కూడా అటూ ఇటూ వెతికాడు. మిస్త్రి వాడి మొహం చూశాడు, నా మొహం చూశాడు. అంత గొంతు ఉన్న మనిషి ఆ ఒక్కసారి మెల్లగా మాట్లాడాడు.

"ఎరుపు కాదా?"

"పచ్చది అన్నా."

తాళం చెవి నా చేతిలో పెట్టి, స్టూలు మీద కూర్చున్నాడు. "నాకు ఎరుపు, పచ్చ రెండూ ఒక్క తీరే, మట్టి లెక్క కనపడ్తయి," అన్నాడు. పుట్టినప్పటి నుంచి అంతేనట. సిరిసిల్లలో తెల్ల గుడ్డ నేసినన్ని రోజులు ఎవరికీ తెలియలేదు. రంగు చీరల ఆర్డర్లు వచ్చిన తర్వాత అంచుకు ఎర్ర కండె పెట్టవలసిన చోట పచ్చ కండె పెట్టి, ఒక భీము మొత్తం, దాని మీద చుట్టిన పడుగంతా, నేసి పడేశాడు. సేటు ఏమీ అనలేదట, నవ్వాడట. ఆ నవ్వుకే ఊరు విడిచి, అత్తగారి ఊరు కోరుట్లకు వచ్చి కార్ల పని నేర్చుకున్నాడు.

"కరెంటుకు రంగు ఉండది గద అని వచ్చిన. వచ్చినంక చూస్తే వైర్లకు ఉన్నది." ఆయన నవ్వాడు గాని అది నవ్వు కాదు. "పాస్టరమ్మా, గిది ఎవలకు చెప్పకు. రంగులు తెల్వని మిస్త్రి అంటే బండి ఎవలు ఇస్తరు? తెల్లారి షెటర్ మూసుడే."

చెప్పను అన్నాను. మా వాళ్లకు మాట అంటే ఒప్పందం. దేవుడు సాక్షి లేని మాట మేము ఇవ్వము.

ఆ మాట ఎంత బరువో వానలు పడ్డాక తెలిసింది.

మెట్‌పల్లి దగ్గరి ఒక ఊళ్లో గృహ ప్రార్థన ముగించుకుని, నేను నడిపే స్త్రీల కూడిక వాళ్లమంతా బయలుదేరుతున్నాం. చాపలు, డోలకు డిక్కీలో పెడుతున్నాం. డోలకు అంచు తగిలి లోపలి అట్ట ఊడింది. మరియమ్మత్త వంగి చూసి, వంగినట్టే ఆగింది.

"గిదేంది, పాస్టరమ్మా?"

"వైర్లు అత్తా. లైటువి."

"వైర్లు నాకు కనపడ్తలేవా. వైర్లకు కట్టినయేంది?"

చూశాను. ప్రతి వైరుకు దారం. ఒక ముడి, రెండు ముడులు, మూడు ముడులు. కొసలు మీసాల్లా లేచి ఉన్నాయి. దారం ఎర్రటి ఎరుపు. చెట్టుకు కట్టినట్టు, చేతికి కట్టినట్టు, దిష్టికి కట్టినట్టు. ఆ మహానుభావుడు ప్రపంచంలోని దారాలన్నిటిలో ఏరి ఏరి ఆ ఒక్క రంగు కండెను జేబులో వేసుకున్నాడు. ఆయనకు అది మట్టి రంగు.

"నిమ్మకాయ యాడ పెట్టినవు? సీటు కిందనా?" అంది అత్త.

"తాయెత్తు కాదత్తా. మిస్త్రి గుర్తు కోసం కట్టిండు."

"వైర్లకు రంగులు ఉండనే ఉన్నయి. మల్ల దారం గుర్తు ఎందుకు?"

ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే ఉంది. అది చెప్పే హక్కు నాకు లేదు. నా మౌనం అక్కడున్న అమ్మలందరికీ వినపడింది.

మరియమ్మత్తను తప్పు పట్టకండి. దారం అంటే ఆమెకు చిన్న విషయం కాదు. బాప్తిస్మం నాడు మెడలోని దారం తన చేత్తోనే తెంపి వాగులో వదిలిన మనిషి. అందుకు పుట్టింటి వాళ్లు ఆమెతో చాలా ఏండ్లు మాట్లాడలేదు. తల్లి చనిపోతే కబురు కూడా చేయలేదు. అంత పెట్టి తెంపుకున్న దారం పాస్టరమ్మ కారులో ముడులు వేసుకుని కూర్చుంటే ఆమె ఎట్లా ఊరుకుంటుంది?

ఆ రోజు అందరూ ఆటోలో వెళ్లారు. తర్వాతి వారం కూడా. డోలకు కూడా ఆటోలోనే వెళ్లింది. నా కారు వాళ్ల వెనుక ఖాళీగా నడిచింది. సంఘ పెద్దలు వచ్చి, ఈ సంగతి తేలేదాకా స్త్రీల కూడిక వేరే సహోదరి నడిపితే బాగుంటుందని మర్యాదగా చెప్పారు. మా ఆయన నన్ను అడిగాడు. "అది మొక్కు దారం కాదు. ఎందుకు కట్టిండో చెప్పనని మాట ఇచ్చిన," అన్నాను.

ఆయన కండ్లద్దాలు తుడుచుకుంటూ, "నువ్వు చెప్పలేనిది దేవునికి తెలుసు. గని మరియమ్మత్తకు తెల్వది గద," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఆయన మీద నాకు ఉన్న ఫిర్యాదుల్లో సగం ఆ రోజు కొట్టేశాను.

ముడులు విప్పి టేపు చుట్టమని అడుగుదామని మిస్త్రి దగ్గరికి పోయాను. జరిగింది చెప్పాను. మొదట కడుపు పట్టుకుని నవ్వాడు.

"ఎరుపా అది? నేను మట్టి రంగనుకున్న."

"అందరు తాయెత్తు అనుకుంటున్నరు అన్నా. కారు ఎక్కుతలేరు. కూడిక కూడ వేరే వాళ్లకు ఇచ్చిండ్రు."

ఆయన నవ్వు ఆగింది. "మరి నువ్వు చెప్పలేదా, ఎందుకు కట్టిననో?"

"చెప్పనన్న గద."

"ఏదో ఒకటి చెప్పరాదు? దారం అంటుకుందనో, ఎలుక తెచ్చిందనో."

"అబద్ధం చెప్పద్దు."

"నిజం చెప్పద్దు. అబద్ధం చెప్పద్దు. మీ మతం బాగ కష్టమున్నది, పాస్టరమ్మా," అన్నాడు. టేపు తీయలేదు. స్క్రూడ్రైవర్ కూడా తీయలేదు. "ఇయ్యాల పని మస్తున్నది. పో," అన్నాడు. షాపు ముందు ఒక్క బండి కూడా లేదు.

ఆదివారం ఆరాధన మొదలయ్యాక ఆయన మా మందిరానికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె పెట్టి దువ్విన తల, పెండ్లికి పోతున్నట్టు. చెప్పులు చేతిలో పట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నాడు. వాక్యం అంతా విన్నాడు. ఆ రోజు మా ఆయన "చివరిగా" అని చాలా సార్లు అన్నాడు. ముగిశాక మిస్త్రి నాతో మొదట చెప్పింది అదే: "అయ్యగారు మంచిగ చెప్తడు. గని ఇండికేటర్ వేసినంక మలుపుతలేడు."

తర్వాత ఆవరణలోకి వచ్చి, మా కారు డిక్కీ తెరిచి, లోపలి అట్ట తానే ఊడదీశాడు. జనం గుమిగూడారు. వాళ్లలో ట్యాక్సీలు నడిపించే మా సంఘం తమ్ముడు ఒకడు ఉన్నాడు. అతని బండ్లన్నీ మిస్త్రి దగ్గరికే వచ్చేవి. మిస్త్రి అతని వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

"దారం చూసింది ఎవలు?"

"నేనే," అని మరియమ్మత్త ముందుకు వచ్చింది.

"ఏం రంగు దారం, అత్తా?"

"ఎరుపు. గుడ్డోనికి కూడ కనపడ్తది."

"గుడ్డోనికి కనపడ్తదేమో అత్తా. నాకు కనపడది."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన తన మామూలు గొంతుతో, అంటే వీధి చివరిదాకా వినపడేట్టు చెప్పాడు. "నాకు ఎరుపు, పచ్చ తెల్వయి. పుట్టినప్పటి సంది. గందుకే ముడులేసి గుర్తు పెట్టుకుంట. గా కండె మట్టి రంగనుకుని తీసిన. గిది తాయెత్తు కాదు. పాస్టరమ్మకు ఎర్కనే. చెప్పద్దని నేనే అన్న. మీరు గామెను బండిల ఒంటరిగ తిప్పినా చెప్పలే."

మరియమ్మత్త అంత తొందరగా నమ్మే మనిషి కాదు. పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి పట్టుకుంది. "గిదేం రంగు?"

"మట్టి."

అది ఎర్ర కుర్చీ. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె కుర్చీ దించి, జామ చెట్టు ఆకు తెంపి చూపింది. "గిది?"

"ఆకు గనుక పచ్చది అంట. ఆకు అని తెల్వకుంటే మట్టే."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మరి గిన్నేండ్లు ఎట్ల పని చేసినవు?"

"అడిగి. ఊరంత నాకు రంగులు చెప్పింది. చెప్పినట్టు ఊరికే తెల్వది."

మరియమ్మత్త ఆ ఆకును చేతిలో నలుపుతూ నిలబడింది. మిస్త్రి కారు ముందుకు పోయి సీట్లో కూర్చుని కేక వేశాడు. "అత్తా, ఎనుకనే నిలబడు. వెలిగిందా?"

ఆమె ఆకు కింద పడేసి లైటు దిక్కు చూసింది. "వెలిగింది."

"ఏం రంగు?"

"ఎరుపు, బిడ్డా," అంది. మా దగ్గర బిడ్డ అంటే కూతురు. ఆమెకు పిల్లలు లేరు. ఎంతో ముద్దు వస్తే తప్ప ఎవరినీ ఆ మాట అనదు. మగవాళ్లను అనగా నేను ఎప్పుడూ వినలేదు.

"స్తోత్రం," అన్నాడు మిస్త్రి. పొద్దటి నుంచి అందరూ అంటుంటే విన్నాడు కదా, అక్కడ అదే అనాలనుకున్నాడు.

ఆయన భయపడినట్టు తెల్లారే షెటర్ మూయవలసి రాలేదు. అట్లాగని భయం ఉత్తదీ కాలేదు. కొందరు రావడం మానేశారు. ఒక ట్రావెల్స్ మనిషి తన కార్లన్నీ మెట్‌పల్లికి మార్చాడు. మా ట్యాక్సీ తమ్ముడు మాత్రం మానలేదు. కొన్నాళ్లు షాపు ముందు ఈగలు తప్ప ఏమీ ఆగలేదు. నేను రోజూ ఆ దారిన పోయి చూసి, ఇంటికి వచ్చి మోకాళ్లూనేదాన్ని.

ఒక మధ్యాహ్నం పోయి చూస్తే షాపు ముందు బెంచీ మీద మరియమ్మత్త కూర్చుని ఉంది. ఒడిలో చేట, చేటలో ఆకు, తంబాకు. బీడీలు చుడుతోంది. మిస్త్రి ఒక కారు కింద నుంచి వైరు కొస బయటికి పెట్టి ఊపాడు.

"పచ్చది," అంది ఆమె చేట మీద నుంచి కళ్లెత్తి.

ఇంకొకటి ఊపాడు.

"కాషాయం లెక్క ఉన్నది."

"లెక్క ఏంది, సక్కగ చెప్పు. ఫెయిల్ చేస్త."

ఆమె క్షమించు అనలేదు. అనడం ఆమెకు రాదు. బీడీలు కట్టే దారం ఒక ఉండ తెచ్చి ఆయన జేబులో పెట్టిందట. "తెల్లది. నేనే చూసి తెచ్చిన. ఆ ఎర్ర కండె ఇటియ్యి," అందట. అప్పటి నుంచి ఆమె తీరిక దొరికినప్పుడల్లా బీడీల చేట పట్టుకుని అక్కడికి పోయేది. ఆమె ఉన్నదంటే రంగు తప్పదు అని మెల్లగా బండ్లు తిరిగి రావడం మొదలైంది. పని అయిపోయిన ప్రతి కారు మీద ఆమె చెయ్యి పెట్టి, యజమాని ఎవరైనా సరే, అడగకుండానే ప్రార్థన చేసేది. మిస్త్రి షెటర్‌కు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టడం మానలేదు. ఆమె వాటిని తిట్టడం మానలేదు.

"నిమ్మకాయ షెటర్‌కు, ప్రార్థన కారుకు," అనేవాడు ఆయన. "రెండు దిక్కుల ఎర్తు ఇచ్చిన. ఇగ షాక్ కొట్టది."

ఆయన మా మతంలోకి వస్తాడని మరియమ్మత్త చివరిదాకా ఆశ పడింది. నేనూ పడ్డాను. రాలేదు. సిరిసిల్లకు ఒక చుట్టం ఇంటికి పోయి, భోజనం చేసి పడుకుని, లేవలేదు. మానేరు ఒడ్డున దహనం చేశారు. మేమిద్దరం మా కారులో పోయాం. మరియమ్మత్త దూరంగా నిలబడి, కొంగు నోట్లో పెట్టుకుని చూసింది. వచ్చేటప్పుడు, "సాంచెలు ఎంత చప్పుడు చేస్తున్నయే, గందుకే గంత గొంతు," అన్నది ఒక్కటే.

జగిత్యాల నుంచి తిరిగి వచ్చిన ఆ రోజు మా మందిరం ఆవరణలో కారు ఆపాను. మరియమ్మత్త దిగింది. ఇంటి దిక్కు పోలేదు. కారు వెనక్కి పోయి నిలబడింది. అద్దంలో ఆమె తెల్ల జుట్టు కనపడుతోంది. ఏం చేయాలో నాకు అర్థమై, బ్రేకు తొక్కి పట్టుకున్నాను. నేను ఏమీ అడగలేదు.

"వెలిగింది," అంది ఆమె వెనుక నుంచి, ఆయన అంత గట్టిగా. "ఎరుపే."

డిక్కీ లోపల ఆ ముడులు ఇంకా అట్లాగే ఉన్నాయి. మేము విప్పనివ్వలేదు.

ఇది చదువుతున్న అన్నలారా, అక్కలారా, మీ చేతిలో ఏ పని ఉన్నా ఒక్క నిమిషం పక్కన పెట్టి నాతో కలిసి ప్రార్థించండి. మూసిన షెటర్ తాళం చెవి కొంగుకు కట్టుకుని కూర్చున్న ఆయన భార్య కోసం ప్రార్థించండి. మధ్యాహ్నం కాగానే చేట పట్టుకుని లేచి, ఎటు పోవాలో తోచక మళ్లీ కూర్చుంటున్న మరియమ్మత్త కోసం ప్రార్థించండి. మా వీపుల మీద నువ్వు వెలిగించిన దీపాలు మాకు కనపడవు ప్రభువా, వెనుక వచ్చే వాళ్లకు అవి ఆరిపోకుండా చూడమని నాతో పాటు అడగండి. ఆ గొంతుగల మనిషిని నీ దగ్గర ఎక్కడ కూర్చోబెట్టావో మాకు తెలియదు గాని, అక్కడ ఆయనకు ఎరుపును ఎరుపుగా, పచ్చను పచ్చగా ఒక్కసారి చూపించమని కూడా, దయచేసి, నాతో పాటు అడగండి.